పాట కింద ఎవరి పేరు?

కిందటేడు వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్‌లో స్నేహితుల ఇంటి డాబా మీద పదిహేనుమందిమి కూర్చున్నాం. ఇళయరాజా పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు అక్కడ నెలకోసారి కలుస్తుంటారు. ఒక పాట పెడతారు, రెండుసార్లు వింటారు, ఇక మాటలు మొదలవుతాయి. మొదటి చరణానికీ రెండో చరణానికీ మధ్య వయొలిన్లు ఏం చేశాయి, బేస్ గిటార్ పల్లవిలో ఎక్కడ దారి మళ్లింది, రాగం శుద్ధంగా ఉందా, అన్యస్వరం ఎందుకు పడింది, ఇలా గంటలు గంటలు. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. స్వరాల లెక్క నాకు అంతగా తెలీదు. అయినా వెళ్తుంటాను. ఒక పాటను అంత శ్రద్ధగా విప్పి చూసే మనుషులంటే నాకిష్టం. మనం కవిత్వాన్ని ఇంత ప్రేమగా చదువుతున్నామా అని కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

ఆ రోజు చర్చ పాట మీద నుంచి హక్కుల మీదికి మళ్లింది. 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర, చరణ్‌లకు ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. తన అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడకూడదన్నది దాని సారాంశం. ఆ పర్యటనలో ఇక ఆయన పాటలు పాడబోనని బాలు ప్రకటించారు. 2019 జూన్‌లో ఇద్దరూ చెన్నైలో మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. 2020 సెప్టెంబర్‌లో బాలు వెళ్లిపోయారు. అభిమానుల మధ్య తగువు మాత్రం తెగలేదు. 2024లో ‘మంజుమ్మల్ బాయ్స్’ అనే మలయాళ సినిమాలో పాత తమిళ పాట వాడినందుకు నోటీసు వెళ్లినప్పుడు అది మళ్లీ రాజుకుంది.

డాబా మీద కూడా రెండు పక్షాలయ్యాయి. పాట పుట్టించినవాడిదే పాట, మిగతావాళ్లు కూలి తీసుకుని పనిచేసి వెళ్లారు అన్నది ఒక పక్షం. బాలు గొంతు లేకపోతే, వేటూరి మాట లేకపోతే ఆ ట్యూను ఏమయ్యేది అన్నది రెండో పక్షం. రెండు వైపులా మాట్లాడుతున్నవాళ్లంతా మగవాళ్లే. ఉన్న నలుగురు ఆడవాళ్లలో ఇద్దరు టీ కప్పులు సర్దుతున్నారు. నాకు ఉండబట్టలేదు. ‘మీరిద్దరూ ఇద్దరు మగవాళ్ల మధ్య పంపకాల గురించే కొట్లాడుకుంటున్నారు. జానకమ్మ సంగతేమిటి? వెనక కోరస్ పాడిన ఆడపిల్లల సంగతేమిటి? అసలు ఒంటరి మేధావి ఒక్కడే కూర్చుని సృష్టించాడన్న కథే పితృస్వామ్యం అల్లిన కథ’ అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. క్లాసులో చాలాసార్లు చెప్పిన మాట కాబట్టి నోరు తిరిగింది.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నా పక్కనే కూర్చున్న స్నేహితురాలు నెమ్మదిగా అంది. ఆమె దళిత సాహిత్యం మీద పనిచేస్తుంది. ‘ఇన్ని వందల ఏళ్లు డప్పు వాయించినవాళ్ల పేర్లు ఎవరైనా రాశారా? రాయలేదు. ఇన్నాళ్లకి ఒకాయన, పణ్ణైపురం నుంచి వచ్చినాయన, ఇది నాది, దీని కింద నా పేరుంది అంటున్నాడు. సరిగ్గా అప్పుడే మీకందరికీ కర్తృత్వం అనేదే ఒక భ్రమ అని గుర్తొచ్చిందా? త్యాగరాజ కీర్తన చివర త్యాగరాజు పేరు వస్తే అది ముద్ర. ఈయన పేరు చెప్పుకుంటే అహంకారమా?’

నాకు జవాబు దొరకలేదు. అప్పుడే కాదు, ఇంటికొచ్చాక కూడా చాలారోజులు దొరకలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతుకులాటే.

*

ముందు ఆయన పని గురించి తెలిసిన సంగతులు చెప్పుకోవాలి. ఇళయరాజా 1943లో తమిళనాడులో, కేరళ సరిహద్దుకు దగ్గరగా ఉన్న పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టారు. పద్నాలుగేళ్ల ప్రాయంలో అన్న పావలర్ వరదరాజన్ నడిపిన బృందంతో ఊరూరా తిరిగారు. కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాటలు కట్టి పాడిన బృందం అది. తర్వాత మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. 1976లో ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడయ్యారు. ఆ తర్వాత లెక్క వెయ్యి సినిమాలకు చేరింది. తెలుగులో ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ ఆయనకు జాతీయ అవార్డులు తెచ్చాయి. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీని వినిపించారు.

ఆయన పనిచేసే పద్ధతి అభిమానులకు పురాణం లాంటిది. హార్మోనియం మీద ట్యూను వినిపించాక, మిగతాదంతా కాగితం మీద స్టాఫ్ నొటేషన్‌లో రాసేస్తారు. ఏ వయొలిన్ ఏ క్షణంలో ఏ స్వరం పలకాలో, వేణువు ఎక్కడ అందుకోవాలో, బేస్ గిటార్ ఎక్కడ ఆగాలో అన్నీ ముందే ఆ కాగితంలో ఉంటాయి. సహాయకులు ఎవరి భాగం వాళ్లకు ఎత్తిరాసి పంచుతారు. వాయిద్యకారులు చూసి వాయిస్తారు. మన సినిమా సంగీతంలో చాలాకాలం ట్యూను కట్టేది ఒకరు, వాయిద్యాలు కూర్చేది ఇంకొకరు. రెండో మనిషి పేరు తెర మీద చిన్నగా ‘సహాయకుడు’ అని పడేది, లేదా పడేదే కాదు. ఇళయరాజా దగ్గర ఆ రెండు పనులూ ఒకే చేతివి. ‘పాట నాది’ అని ఆయన అన్నప్పుడు ఆ మాటకు ఇంత బరువుంది. నా స్నేహితురాలు చెప్పింది ఇదే. దీన్ని నేను ఒంటరి మేధావి అన్న ఒక్క ముద్రతో కొట్టిపారేశాను.

అయితే అభిమానులు ఈ పద్ధతిని చెప్పుకునే తీరులో ఒక చిక్కుంది. వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన కథ వేగం కథ. ఫలానా పాట అరగంటలో కట్టారట, ఫలానా సినిమా నేపథ్య సంగీతం రెండు మూడు రోజుల్లో ముగించారట. ఎంత తక్కువ సమయమైతే అంత గొప్ప. విన్నప్పుడల్లా నాకు నా సిద్ధాంతవ్యాసం గుర్తొస్తుంది. అది ఎనిమిదేళ్లు పట్టింది. మధ్యలో పాప పుట్టింది. పాపను మా అమ్మ చూసుకున్న గంటల్లోనే నేను రాయగలిగాను. ఒక మనిషికి ఎవరూ తలుపు తట్టని అరగంట దొరకాలంటే ఆ తలుపు బయట ఎవరెవరు ఏమేం చేస్తూ ఉండాలో రాసే ఆడవాళ్లందరికీ తెలుసు. ఇది ఇళయరాజా ఇంటి గురించి అంటున్న మాట కాదు, ఆ ఇంటి సంగతి నాకు తెలీదు. మనం మెచ్చుకునే పద్ధతి గురించి అంటున్నాను. అరగంటను మెచ్చుకునేటప్పుడు దాని కింద ఉన్న ఇరవై ఏళ్ల నేర్చుకోవడాన్ని, ఎత్తిరాసిన చేతుల్ని, వండి పెట్టిన చేతుల్ని కలిపి చూడం. ఒక దళిత కుర్రవాడు మద్రాసులో పడ్డ కష్టాన్ని ‘దైవదత్తం’ అనేస్తే అది కూడా ఒక రకంగా ఆయన శ్రమను చెరిపేయడమే.

*

ఇక జానకమ్మ సంగతి. మా అమ్మ పుట్టింటివాళ్లది రేపల్లె దగ్గర ఊరు. ఎస్. జానకి పుట్టిన పల్లపట్ల అక్కడికి దగ్గరే. మా ఇంట్లో టేప్‌రికార్డర్‌లో ఆమె గొంతు రాగానే ‘మా రేపల్లె పిల్ల’ అనేది అమ్మ, తనకన్నా దాదాపు పాతికేళ్లు పెద్దావిడని. ఆ చనువు మాకు నవ్వు తెప్పించేది. ‘అన్నక్కిళి’లో ఇళయరాజా మొదటి పాటలు పాడిన గొంతు ఈ గుంటూరు జిల్లా అమ్మాయిదే. జానకికి జాతీయ అవార్డులు నాలుగు వచ్చాయి. వాటిలో మూడు ఆయన స్వరపరిచిన పాటలకే: తమిళంలో ‘పదినారు వయదినిలే’, ‘తేవర్ మగన్’, తెలుగులో 1984 నాటి ‘సితార’. ఆ లెక్క రెండు వైపులా చదవాలి. ఆమెకు ఆయన పాటలు దొరికాయి అన్నది ఎంత నిజమో, ఆయన పాటలకు ఆమె దొరికింది అన్నదీ అంతే నిజం.

డాబా మీద ఒకాయన అన్నాడు: ‘గమకం, ఊపిరి ఎక్కడ తీయాలన్నది కూడా ఆయనే నేర్పిస్తాడు.’ కావచ్చు. నేర్పినదాన్ని పాడటం చిన్న పనని ఎవరన్నారు? స్వరం కాగితం మీద రాయవచ్చు. ‘సితార’లో పాడుబడ్డ మహల్లో అన్న కాపలాలో బతికే పిల్ల ఉంది. ఆమె ఒంటరితనాన్ని గొంతులోకి తేవడానికి ఏ నొటేషనూ లేదు. ఆ గొంతు పసిపిల్లగా, ముసలమ్మగా, వలపు గొంతుగా, ఏడుపు గొంతుగా మారుతూ వచ్చింది. అది వరం కాదు, వృత్తి. 2013లో పద్మభూషణ్ ప్రకటించినప్పుడు, దక్షిణాది కళాకారులకు గుర్తింపు ఇంత ఆలస్యంగా ఇవ్వడం సరికాదంటూ ఆమె దాన్ని కాదన్నారు. అప్పటికి ఆమెకు డెబ్భై అయిదేళ్లు దగ్గర పడుతున్నాయి. వినయంగా ఉండటమే గాయనికి అందం అనుకునే లోకంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆమెను కూడా చాలామంది అహంకారి అన్నారు. ఇక్కడ నాకు మొదటిసారి ఒక సంగతి తట్టింది. ఇళయరాజా మీద, జానకి మీద పడ్డ మాట ఒక్కటే. తమ పని విలువ తామే చెప్పడానికి వీల్లేని చోట్ల పుట్టినవాళ్లు దాన్ని చెప్పినప్పుడు లోకం వాడే మాట అది.

లతా మంగేష్కర్ కథ కూడా ఇదే. 1949లో ‘మహల్’ సినిమాలో ఆమెను నిలబెట్టిన పాట గ్రామఫోను రికార్డుగా వచ్చినప్పుడు దాని మీద గాయని పేరు ‘కామిని’ అని ఉంది. కామిని సినిమాలో పాత్ర పేరు. పాడిన అమ్మాయికి పేరు లేదు. తర్వాత గాయకులకు విడిగా అవార్డు ఎందుకు లేదని నిలదీసింది ఆమే. ఫిలింఫేర్ 1959లో ఆ విభాగం మొదలుపెట్టింది. 1960ల మొదట్లో గాయకులకు రాయల్టీ కావాలని ఆమె అడిగితే, పాడినందుకు డబ్బు తీసుకున్నాక ఇంకేం హక్కు ఉంటుందని మహమ్మద్ రఫీ అన్నారు. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. రఫీ మంచివాడు, లత డబ్బు మనిషి అని ఆ కథను ఇప్పటికీ చెప్పుకుంటారు.

*

ఈ వాదాలన్నీ వింటూ వింటూ నాకు అర్థమైందేమిటంటే, మనం మూడు వేరువేరు ప్రశ్నల్ని ఒకే ముద్దగా కలిపేస్తున్నాం. ఒకటి పేరు. రెండు డబ్బు. మూడు అనుమతి. పాట ఎవరిది అని అడిగితే తెగదు. పాట కింద ఎవరి పేర్లుండాలి, పాట మీద వచ్చే డబ్బు ఎవరెవరికి పోవాలి, పాటను ఎవరు ఆపవచ్చు అని విడివిడిగా అడిగితే కొంత తెగుతుంది.

పేరు పంచితే తరగదు. వేటూరి పేరు చెప్పినంతమాత్రాన ఇళయరాజా పేరు చిన్నదవదు, జానకి పేరు చెప్తే వేటూరి పేరు చెరిగిపోదు. డబ్బు అలా కాదు, అది పంచితే తరుగుతుంది. అందుకే దానికి చట్టం కావాలి. అనుమతి అన్నిటికన్నా కష్టం. అది ఒకరి చేతిలో ఉంటే ఇంకొకరి నోరు కట్టేసినట్టవుతుంది.

చట్టం ఈ మూడింటినీ ఎలా చూసిందో గమనిస్తే మన సమాజం కనిపిస్తుంది. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సంగీతం మీద, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, హక్కులు నిర్మాతవేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా రాస్తూ, పాడేవాళ్ల కళను మన చట్టం పట్టించుకోలేదని ఎత్తిచూపారు. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ప్రదర్శకుల హక్కు 1994లో గానీ రాలేదు. వచ్చినా, సినిమాకు ఒప్పుకుంటే ఆ హక్కు అక్కడితో సరి. స్వరకర్తకూ గేయరచయితకూ వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ వాటా, గాయకులకు వాణిజ్యపరమైన వాడకం మీద రాయల్టీ 2012 సవరణతో వచ్చాయి. అంటే ఇళయరాజా పోరాడుతున్నది ప్రధానంగా ఎవరితో అన్నది కూడా మనం మర్చిపోకూడదు. దశాబ్దాలపాటు ఆ పాటల మీద వ్యాపారం చేసినవి నిర్మాణ సంస్థలు, రికార్డు కంపెనీలు. 2024 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టులో ఆయనకూ ఒక రికార్డింగు కంపెనీకీ మధ్య వ్యవహారం విచారణకు వచ్చినప్పుడు, మాట లేకుండా పాట ఉండదు కదా, గేయరచయితలు కూడా హక్కు అడిగితే ఏమిటన్న ప్రశ్న న్యాయమూర్తుల నుంచే వచ్చింది.

కానీ ఆ 2012 సవరణలోనే ఒక చిన్న వాక్యం ఉంది. చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు. సినిమాలో ఎవరి పని యాదృచ్ఛికమైనదో లేదా ఏదో పక్కన జరిగినదో, పరిశ్రమ అలవాటు ప్రకారం ఎవరి పేరు టైటిల్స్‌లో గానీ ఇంకెక్కడా గానీ వేయరో, ఆ మనిషి చట్టం దృష్టిలో ప్రదర్శకురాలే కాదు. తన పనిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటి మాత్రం మిగిలించారు. ఇది నా పని అని చెప్పుకునే హక్కు మిగల్లేదు. అంటే పేరు వేయడం అలవాటు లేదు కాబట్టి, పేరు అడిగే హక్కు కూడా లేదు! కోరస్‌ను ‘పక్కన జరిగినది’ అనవచ్చా అన్నది లాయర్లు వాదించుకోవలసిన విషయం. ఇళయరాజా పాటలు విన్న ఎవరూ అలా అనలేరు. కొన్ని పాటల్లో ఆ ఆడపిల్లల గొంతులు తీసేస్తే మిగిలేది ఎముకల గూడే. కానీ మా ఇంట్లో ఉన్న క్యాసెట్ల అట్టల మీద సంగీతం పేరుంది, రచయితల పేర్లున్నాయి, గాయకుల పేర్లున్నాయి. కోరస్ పేర్లు ఒక్క దాని మీదా లేవు.

పేరు పంచితే తరగదని పైన రాశాను కదా. అది సగమే నిజమని ఆ వాక్యం నేర్పింది. డబ్బు గదికి పేరే తలుపు. అందుకే పేరు వేయరు.

*

ఇంతవరకూ రాసి, ఇక ముగింపు రాద్దామని నా పుస్తకం తీశాను. కృష్ణా డెల్టా ఊళ్లలో ఆడవాళ్లు నాట్లప్పుడు, కలుపుల్లో, తిరగలి ముందు పాడుకున్న పాటల మీద నా సిద్ధాంతవ్యాసం. మూడేళ్ల కిందట అచ్చయింది. అందులో ఒక అధ్యాయం పేరు ‘అజ్ఞాత కర్తృత్వం’. స్త్రీల పాటల్లో రచయిత పేరు ఎందుకు ఉండదు, ‘ఊర్మిళాదేవి నిద్ర’ లాంటి పాటలు ఎందరి నోళ్లలో నలిగి ఆ రూపానికి వచ్చాయి, 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను మళ్లీ అచ్చువేసి బెంగుళూరు నాగరత్నమ్మ ఒక ఆడమనిషి పేరును ఎలా నిలబెట్టింది, అన్నీ అందులో చర్చించాను. నలుగురు మెచ్చుకున్న అధ్యాయమే.

అనుబంధం తిప్పాను. నాకు పాటలు పాడి వినిపించిన పదకొండు మంది ఆడవాళ్ల పట్టిక. వక్త-1, వక్త-2, అలా వక్త-11 దాకా. వయసు గడి ఉంది. ఊరు గడి ఉంది. కులం గడి ఉంది. పేరు గడి లేదు.

పరిశోధనలో వక్తల పేర్లు దాచడం ఒక పద్ధతి, వాళ్ల మేలు కోరే పెట్టిన పద్ధతి. నేనూ అదే రాసుకున్నాను. కానీ పేరు వేయమంటారా వద్దా అని ఆ పదకొండు మందిలో ఒక్కరినీ నేను అడగలేదు. అడగాలని తోచలేదు. అట్ట మీద మాత్రం నా పేరు, ముందు డాక్టర్ అన్న అక్షరాలతో సహా, పెద్దగా ఉంది. వయొలిన్ వాయించినవాడి పేరు లేదని, కోరస్ పిల్ల పేరు లేదని డాబా మీద అంత గట్టిగా అన్నదాన్ని నేనే.

ఈ సంక్రాంతికి పుస్తకాలు తీసుకుని ఊరెళ్లాను. అమ్మ కూడా వచ్చింది. పదకొండు మందిలో ఎనిమిది మంది ఉన్నారు. ఒకావిడ మా తాతగారి పొలంలో నాట్లేసిన మనిషి. నేను ఆవిడను పెద్దమ్మా అంటాను, ఆవిడ నన్ను అమ్మాయిగారూ అంటుంది. నా పాట ఏదీ అని అడిగింది. పేజీ తీసి చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టి ‘ఇక్కడ కింద ఏం రాశారు?’ అంది. వక్త-7 అన్నాను. ‘ఏడా? ఏడేంది?’ అంది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా అర్థంకాక అడిగింది. వివరించడానికి నోరు తెరిచి, ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాను.

ఇంకొకావిడ పుస్తకం వెనక్కి తిప్పి ధర చూపించమంది. నూట యాభై రూపాయలని చెప్పాను. ‘అందులో మాకేవన్నా వస్తదా?’ పుస్తకం మీద నాకే ఏమీ రాలేదని చెప్పాను. అది నిజమే. కానీ సగం నిజం. ఆ పట్టా చూపించే నాకు ఉద్యోగం వచ్చింది. ప్రతి నెలా ఒకటో తారీకున వచ్చే జీతంలో ఆ పదకొండు గొంతుల పాలు ఎంతో నేను ఎప్పుడూ లెక్క వేయలేదు.

మూడో ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. ‘నా పేరు మాత్రం వెయ్యమాక. ఆ పాటలో బావగార్ని ఎకసెక్కాలాడింది ఉంది. ఆయనింకా బతికే ఉన్నాడు’ అంది. నవ్వింది. తర్వాత ఆగి, ‘అయినా ఆ పాట నాదేంది? మా అత్త దగ్గర నేర్చుకున్నా. మూడో ముక్క మాత్రం నేను కలిపా’ అంది.

పేరు, డబ్బు, అనుమతి. నేను నగరంలో కూర్చుని విడదీసిన మూడు ప్రశ్నల్నీ వాళ్లు ఒక్క అరుగు మీద, ఒక్క పూటలో నా ముందు పెట్టారు. ఒక్కదానికీ నేను ముందుగా జవాబు ఆలోచించి ఉంచుకోలేదు.

*

నా స్నేహితురాలి ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. ఒక దళితుడు తన పని కింద తన పేరు రాసుకుని అది నాది అన్నప్పుడు, కర్తృత్వమే భ్రమ అని పాఠం చెప్పే హక్కు నాకు లేదు. మా తాతలకు ఆ పేర్లు వారసత్వంగా వచ్చాయి. వాళ్లకు రాలేదు. పేర్లున్న ఇళ్లలో పుట్టినవాళ్లకు పేరు వద్దనడం తేలిక. తన సంగీతాన్ని కులంతో కలిపి చూడటం ఇళయరాజాకు ఇష్టం లేదన్నది తెలిసిన విషయమే. ఆ ఇష్టాన్నీ గౌరవించాలి. ఈ మాట నేను ఆయన తరఫున అనడం లేదు. ఆయన్ని తప్పుపట్టడానికి నేను ఎంచుకున్న తర్కం ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకుంటున్నాను, అంతే.

కానీ ఒక పేరు నిలబడటానికి మిగతా పేర్లు పడిపోనక్కర్లేదు. స్త్రీవాదం అడగవలసింది ఆ పేరు తీసేయమని కాదు, దాని కింద ఇంకో పది పేర్లు రాయమని. స్వరకర్త, గేయరచయిత, గాయని, వాయించినవాళ్లు, కోరస్. డబ్బు దగ్గరకొస్తే, పంపకం ఎంత అన్నది బేరమాడి తేల్చుకోవలసిన విషయం, పంపకం ఉండాలన్నది మాత్రం బేరం కాకూడదు. అనుమతి దగ్గర నాకు ఇప్పటికీ సందేహమే. వ్యాపారం కోసం పాటను వాడుకునే కంపెనీని ఆపే హక్కు స్వరకర్తకు ఉండాలి. ఆ పాటకు తన ఊపిరి ఇచ్చిన గాయనిని అదే వాక్యంతో ఆపవచ్చా? చట్టప్రకారం ఆపవచ్చేమో. నా మనసు ఒప్పుకోదు. మూడో ముక్క మాత్రం నేను కలిపా అన్న ఆవిడ మాట నా చెవిలో ఉంది. పాడిన ప్రతి మనిషీ మూడో ముక్క కలుపుతుంది. అది కాగితం మీద కనిపించదు.

ఊరి నుంచి వచ్చాక నా దగ్గరున్న ముప్ఫై రెండు ప్రతుల్లో అనుబంధం పేజీ తీసి, అడిగి ఒప్పుకున్న ఏడుగురి పేర్లూ చేత్తో రాశాను. వద్దన్న ఆవిడ దగ్గర ‘పేరు వద్దన్నారు’ అని రాశాను. చనిపోయిన ముగ్గురి ఇళ్లకు ఇంకా కబురు పంపాలి. కులం గడి కొట్టేశాను, తర్వాత ఆలోచించి రెండు ప్రతుల్లో ఉంచాను. దాన్ని ఏం చేయాలో నా స్నేహితురాలిని అడగాలి. రెండో ముద్రణకు డబ్బు లేదని ప్రచురణకర్త చెప్పాడు.

పోయిన నెల మళ్లీ డాబా మీదికి వెళ్లాను. పాట పెట్టే ముందు పేర్లు చదువుదాం అన్నాను. ఇంత తతంగం ఎందుకన్నారు కొందరు. ఒప్పుకున్నారు. ‘సితార’ పాట పెట్టబోతూ ఆ ఇంటాయన నిలబడి చదివాడు: సంగీతం ఇళయరాజా, రచన వేటూరి సుందరరామమూర్తి, గానం ఎస్. జానకి. వయొలిన్లు, అని ఆగాడు. తెలీదు అన్నాడు. వేణువు, తెలీదు. ఎవరో తెలుసుకోవాలి అన్నారు ఇంకొకరు. పెన్ను తీసి రాసుకున్నారు. తర్వాత పాట మొదలైంది. అమ్మ కూడా ఆ రోజు నాతో వచ్చింది. రాగం పేరు ఆమెకు తెలీదు. మొదటి మాట రాగానే మెల్లగా గొంతు కలిపింది. ఆమెను ఎవరూ అనుమతి అడగమనలేదు.